వెలుగును ఆపితేనే కనబడే బొమ్మ

మెదక్ చర్చికి మిట్టమధ్యాహ్నం వెళ్ళి, బయటే నిలబడి పెద్ద కిటికీల వైపు చూస్తే చెప్పుకోదగ్గదేమీ కనబడదు. మసిపట్టిన లాంతరు చిమ్నీలా నల్లటి అద్దం, దాని మీద వంకరటింకరగా బూడిదరంగు గీతలు. లోపలికి వెళ్ళి అదే అద్దాన్ని చూస్తే మాత్రం కాసేపు మాట రాదు. యేసు పుట్టుక, శిలువ, ఆరోహణం: మూడు కిటికీలు, మూడు ఘట్టాలు. నీలం, ఎరుపు, పసుపు కలిసి గోడలో నిప్పు పెట్టినట్టుంటాయి. పొద్దు వాలిందా, లోపలున్నవాళ్ళకు మళ్ళీ చీకటి గోడే.

చూడ్డానికి వచ్చినవాళ్ళు తరచూ అనే మాట, "అద్దం మీద ఎంత బాగా పెయింటింగ్ వేశారో!" చిక్కంతా ఆ మాటలోనే ఉంది. స్టెయిన్డ్ గ్లాస్ అనే ఈ కళ అసలు పద్ధతిలో, రంగులు అద్దం మీద వేసినవి కావు. అద్దం మీద వేసిన పెయింట్ ఒకటుంది గానీ దానికి రంగు లేదు, అది నలుపు. ఇక పేరులో ఉన్న "స్టెయిన్", అంటే మరక, అన్ని రంగుల్లోనూ ఒక్క పసుపుకే సరిపోతుంది. ఆ పసుపు కూడా కళ పుట్టిన కొన్ని వందల ఏళ్ళ తర్వాత వచ్చి చేరింది. పేరు తప్పు, పొగడ్త తప్పు, అయినా బొమ్మ మాత్రం అద్భుతం. ఇది ఎలా కుదిరిందో ఒక్కో పోగూ విడదీసి చూద్దాం.

మన భాషలో అద్దం చేసే పదార్థానికీ, చేతికి వేసుకునేదానికీ ఒకటే పేరు, గాజు. చిన్నప్పుడు విరిగిన గాజుముక్కలు ఏరుకొచ్చి, కొవ్వొత్తి మంట మీద పెట్టి, మెత్తబడగానే వంచి, ఒకదాన్లో ఒకటి తగిలించి గొలుసులు చేసినవాళ్ళకి ఈ కథలో సగం ముందే తెలుసు. ఎర్రగాజు విరిగిన చోట చూడండి. లోపలంతా ఎరుపే. కరిగిన గాజులోనే రంగు కలిసిపోయింది. కొన్ని గాజులు మాత్రం విరిచి చూస్తే లోపల తేటగా ఉండి, పైన సన్నటి రంగు పొర కనిపిస్తుంది. ఈ రెండో రకాన్ని గుర్తుపెట్టుకోండి, దానితో పనుంది.

యూరప్‌లో ఈ పనిని మొదటినుంచి చివరిదాకా రాసిపెట్టినవాడు 12వ శతాబ్దం మొదట్లో తియోఫిలస్ అనే కలంపేరు పెట్టుకున్న ఒక సన్యాసి. ఆయన లెక్కలో గాజంటే రెండు పాళ్ళు బీచ్ చెట్టు కట్టెల బూడిద, ఒక పాలు శుభ్రమైన ఇసుక. ఇసుక ఒక్కటే అయితే 1,700 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ కరగదు, ఆనాటి కొలిమికి అంత శక్తి లేదు. బూడిదలోని పొటాష్ ఆ వేడిని బాగా దించేస్తుంది. అదే బూడిదలో ఇనుము, మాంగనీసు కూడా ఎంతోకొంత ఉంటాయి. అందుకే ఏమీ కలపకపోయినా గాజు దానంతటదే రంగు తిరిగేది. ఎంతసేపు కాలింది, కొలిమిలోకి ఎంత గాలి పోయింది అన్నదాన్ని బట్టి పసుపో, లేత గులాబీయో, ఊదాయో అయ్యేది. కుండలో రంగు మారుతుంటే కనిపెట్టి చూస్తూ, కావలసిన రంగు రాగానే తీసేయమంటాడు తియోఫిలస్. పాకం పట్టేవాళ్ళకు ఈ మాట కొత్తగా అనిపించదు.

మిగతా రంగులకు లోహాలు కలిపేవాళ్ళు. కోబాల్టుతో నీలం, మాంగనీసుతో ఊదా. రాగి కథే వింత. కొలిమిలో గాలి బాగా ఆడితే రాగి ఆకుపచ్చనో నీలిపచ్చనో ఇస్తుంది. గాలి బిగబడితే అదే రాగి నెత్తురు ఎరుపు ఇస్తుంది. మధ్యయుగపు ఎరుపు బంగారంతో చేశారని ఇప్పటికీ కొందరు గైడ్లు చెబుతుంటారు. అది నిజం కాదు. బంగారంతో ఎర్రగాజు చేయడం 17వ శతాబ్దపు సంగతి. పాత చర్చిల్లో ఉన్నది రాగి ఎరుపు. దానితో వచ్చిన చిక్కేమిటంటే, అది మరీ గాఢం. కిటికీకి కావలసినంత మందంలో మొత్తం ఎర్రగాజే వాడితే వెలుగు దాటదు, నల్లగా కనిపిస్తుంది. అందుకని తేటగాజు మీద ఎరుపును పలచటి పొరగా ఎక్కించారు. ఇందాక చెప్పిన రెండో రకం గాజు ఇదే. తర్వాత్తర్వాత పనివాళ్ళు ఆ ఎర్రపొరను కావలసినచోట అరగదీసి, అడుగునున్న తెలుపును బయటపెట్టి, ఒకే ముక్కలో ఎర్ర డాలు మీద తెల్ల సింహాన్ని నిలబెట్టారు.

నీలానికి మరో కథ ఉంది. ఫ్రాన్స్‌లోని షార్త్ర్ కేథడ్రల్ నీలం గురించి "ఆ రహస్యం పోయింది, ఇప్పుడెవరికీ చేతకాదు" అని రాయని యాత్రా వ్యాసం ఉండదేమో. 1194లో ఆ చర్చి తగలబడింది. మంటల్ని తట్టుకుని మిగిలిన కొద్ది కిటికీల్లో నీలివస్త్రం కట్టుకున్న మరియమ్మ కిటికీ ఒకటి. ఆ నీలం నిజంగానే మిగతావాటి కంటే తేటగా ఉంటుంది. కారణం రహస్యం కాదు, రసాయనం. ఇలాంటి 12వ శతాబ్దపు నీలాలు కొన్ని బూడిద గాజు కాదు, సోడా గాజు, అంటే పొటాష్‌కు బదులు సోడాతో కరిగించినది. సోడా గాజు వానకీ తేమకీ అంత తొందరగా పాడవదు. పొటాష్ ఎక్కువున్న బూడిద గాజును తేమ తినేస్తుంది, పైన గుంటలు పడి తెల్లటి పొక్కు కడుతుంది. మరి ఆ సోడా గాజు ఎక్కడిది? తియోఫిలస్ మాటల్లోనే జవాబుంది. పాత కాలపు కట్టడాల మొజాయిక్ పనిలో దొరికే గాజుబిళ్ళల్ని ఫ్రెంచివాళ్ళు కరిగించి, తేటగాజుతో కలిపి, నీలి పలకలు చేసుకుంటారని ఆయన రాశాడు. అంటే ఆ నీలంలో కొంతైనా రోమన్ల పాతసామానే అయ్యుండాలి. పాత గిన్నెలు కరిగించి కొత్త బిందె చేయించుకున్నట్టు.

రంగుగాజు పలక చేతికొచ్చాక అసలు పని మొదలవుతుంది. సున్నపుపూత పూసిన పెద్ద చెక్కబల్ల మీద బొమ్మను నిండు కొలతలో గీస్తారు. కాగితం ఖరీదైన రోజులవి. ఒక కిటికీ అయిపోగానే బల్లను కడిగి, మళ్ళీ సున్నం పూసి, తర్వాతి దానికి వాడేవాళ్ళు. ఇలాంటి 14వ శతాబ్దపు బల్ల స్పెయిన్‌లోని జిరోనాలో ఇప్పటికీ ఉంది. గాజును బల్ల మీద పరిచి, ఎర్రగా కాలిన ఇనుప కడ్డీని గీత వెంట నడిపిస్తే ఆ దారినే పగులు పారుతుంది. వజ్రపు మొనతో కోయడం చాలా తర్వాతి మాట. అంచుల్ని ఇనుప కొక్కెంలాంటి పనిముట్టుతో కొరికి కొరికి ఆకారానికి తెస్తారు. పాత కిటికీల్లో ముక్కల అంచులు ఎలుక కొరికినట్టు కనబడేది అందుకే.

తర్వాతది నలుపు. రాగి లేదా ఇనుప భస్మం, నూరిన గాజుపొడి కలిపి, ద్రాక్షసారాతోనో మూత్రంతోనో మెదిపి (తియోఫిలస్ ఈ రెండూ సమానమే అన్నట్టు రాశాడు) కుంచెతో గాజు మీద గీస్తారు. కళ్ళు, ముక్కు, వేళ్ళు, బట్టల మడతలు. సుమారు 600 డిగ్రీల దగ్గర కాలిస్తే ఆ గాజుపొడి కరిగి అడుగు గాజుకు అంటుకుపోతుంది. ఈ పూత పని రంగు వేయడం కాదు, వెలుగుకి అడ్డంపడటం. పలచగా వేస్తే నీడ, చిక్కగా వేస్తే గీత. ఆరిన పూతను కాల్చకముందే కుంచె వెనక కొనతో గీకితే ఆ గీత మేరకు వెలుగు తెల్లగా దూసుకొస్తుంది. జుట్టులో మెరుపులు, బట్టల మీద పూలు, కిటికీ అడుగున ఉండే అక్షరాలు ఎక్కువగా ఇలా గీకి తీసినవే.

మనకి దీనికి దగ్గర చుట్టం తోలుబొమ్మ. గీకి గీకి వెలుగు దాటేంత పలచన చేసిన తోలు, దానికి పట్టించిన రంగులు, చుట్టూ నల్లటి గీత. నగలున్న చోట సన్నటి రంధ్రాలు, దీపం వెనక పెట్టగానే రవ్వల్లా మెరవడానికి. తెర లేకుండా చేత్తో పట్టుకుని చూస్తే ఆ రావణుడు మందకొడిగా ఉంటాడు, రాత్రి తెర మీద చూస్తే పిల్లలు జడుసుకుంటారు. కాన్వాసు మీద బొమ్మ వేసేవాడు తెల్లటి గుడ్డతో మొదలుపెట్టి దాన్ని నింపుకుంటూ పోతాడు. కిటికీ పనివాడికి సూర్యుడే ముందు వచ్చి కూర్చున్నాడు. ఎక్కడ ఎంత ఆపాలన్నదే అతని పని.

ఆపడంలో పెద్ద వాటా సీసానిది. నన్నడిగితే ఈ కళకు సీసం పేరు పెట్టాల్సింది, మనవాళ్ళకు సీసపద్యంతో కలగాపులగం అయినా సరే. సీసపు పట్టీని అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉంటుంది. రెండు వైపులా ఉన్న గాడిలో రెండు గాజుముక్కలు కూర్చుంటాయి. పట్టీలు కలిసినచోట తగరం కలిపిన మాటు వేస్తారు. గాడిలో అవిసెనూనె మడ్డి కూరితే నీరు దిగదు. సీసమే ఎందుకు? మెత్తన, ఎలా కావాలంటే అలా వంగుతుంది, చలికీ వేడికీ గాజు కదిలితే తనూ కదులుతుంది. ఆ మెత్తదనమే దాని లోపం కూడా. గాలి తోస్తే పొట్ట ఉబ్బినట్టు బయటికొస్తుంది. అందుకే వెనక ఇనుప కడ్డీలు అడ్డంగా వేసి, వాటికి సీసాన్ని తీగతో కడతారు. సీసపు చట్రం ఎప్పటికీ ఉండేది కాదు, నూరేళ్ళో నూటయాభై ఏళ్ళో గడిచాక మొత్తం విప్పి కొత్త సీసం వేయాల్సిందే.

ఆ నల్లగీతలు లేకపోతే ఇంకా బాగుండేదేమో అనిపిస్తుంది. ఉండదు. దూరం నుంచి చూసినప్పుడు నీలం తన హద్దు దాటి పక్కకి పారుతుంది, పక్కనున్న ఎరుపును ఊదాగా చేసేస్తుంది. మధ్యలో నల్లకట్ట ఉంటేనే ఏ రంగు దాని చోట నిలబడుతుంది. మంచి పనివాడు సీసాన్ని దవడ కింద, భుజం వెంట, వస్త్రం అంచున నడిపించి దాన్నే గీతగా వాడుకుంటాడు. చెడ్డ పనివాడు ముఖం మధ్యలోంచి లాగుతాడు. కిటికీ మంచిదా కాదా తేల్చుకోవడానికి నేను మొదట చూసేది రంగులు కాదు, సీసం ఎటు నడిచిందో.

ఇప్పుడు ఆ మరక సంగతి. వెండి లవణాన్ని మట్టితో కలిపి గాజుకు పూసి కాల్చి, చల్లారాక మట్టిని దులిపేస్తే గాజు పసుపెక్కి ఉంటుంది. వెండి అణువులు గాజు లోపలికి చొరబడి, అతి సూక్ష్మమైన కణాలుగా అక్కడే ఉండిపోతాయి. గోరింటాకు లాగే, ఎండిన ముద్ద రాలిపోయాక పండేది చర్మమే. ఈజిప్టులో గాజుపాత్రల మీద ఈ విద్య 8వ శతాబ్దం నాటికే ఉంది. యూరప్ కిటికీలకు అది 14వ శతాబ్దం మొదట్లో ఎక్కింది. దీని మీద ఒక ముచ్చటైన కథ చెబుతారు. ఉల్మ్ ఊరి యాకోబు అనే భక్తుడు గాజును కొలిమిలో పెడుతుంటే అతని అంగీ వెండి గుండీ జారి గాజు మీద పడిందట, తీసి చూస్తే పసుపు మరక! యాకోబు నిజంగా ఉన్నాడు, బొలోన్యాలో కిటికీలు చేశాడు, 1491లో చనిపోయాడు. అప్పటికి యూరప్ కిటికీల్లో వెండి పసుపు వచ్చి నూటయాభై ఏళ్ళు దాటింది. గుండీ ఆలస్యంగా ఊడిందన్నమాట.

ఈ పసుపు వల్ల పనిలో వచ్చిన మార్పు చిన్నది కాదు. అంతకుముందు దేవదూత ముఖం ఒక ముక్క, బంగారు జుట్టు ఇంకో ముక్క, మధ్యలో సీసం. ఇప్పుడు ఒకే తెల్లగాజు మీద ముఖం నలుపుతో, జుట్టూ కిరీటమూ వెండితో. కిటికీలు తెల్లబడ్డాయి, తేలికపడ్డాయి, చర్చి లోపలికి వెలుగు ఎక్కువగా వచ్చింది. ఇంగ్లండులోని యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి తూర్పు కిటికీని చూస్తే ఆ మార్పు తెలుస్తుంది. 1405లో కోవెంట్రీ వాడైన జాన్ థోర్న్‌టన్‌తో చర్చి ఒప్పందం రాసుకుంది. మూడేళ్ళలో ముగించాలి, బొమ్మలన్నీ స్వయంగా గీయాలి. వారానికి 4 షిల్లింగులు, దానిపైన ఏడాదికి 5 పౌండ్లు, గడువులోగా పూర్తి చేస్తే ఇంకో 10 పౌండ్లు. మొత్తం 56 పౌండ్లు. సుమారు 23 మీటర్ల ఎత్తు, 9 మీటర్లకు పైగా వెడల్పు ఉన్న ఆ కిటికీలో సృష్టి మొదలు నుంచి లోకాంతం దాకా ఉంది. థోర్న్‌టన్ 1408లో ముగించాడు. మన కాంట్రాక్టర్లకు ఈ ఒప్పందం అచ్చువేసి పంచాలనిపిస్తుంది.

అక్షరం రానివాళ్ళకు బైబిల్ చెప్పడానికే ఈ కిటికీలు పుట్టాయని పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటాం. నాకు దీనిమీద పెద్ద నమ్మకం లేదు. పారిస్‌లోని సెయింట్ షపెల్ 1248లో ప్రతిష్ఠ అయింది. అందులో 15 మీటర్ల ఎత్తున్న 15 కిటికీలు, వెయ్యికి పైగా ఘట్టాలు. పై వరసల్లో ఏముందో చదువుకున్నవాడికి కూడా కింద నుంచి తెలియదు. పైగా అది రాజు తొమ్మిదో లూయీ సొంత ప్రార్థనా మందిరం, నిరక్షరాస్యులైన రైతులకి అందులోకి దారి లేదు. కథ ముందే తెలిసినవాడు బొమ్మ చూసి గుర్తుపట్టగలడు గానీ, బొమ్మ చూసి కథ నేర్చుకోవడం కష్టం. అంతకంటే 1144లో పారిస్ దగ్గరి సెయింట్ డెనీ చర్చిని తిరిగి కట్టించిన సూజె మఠాధిపతి మాటే నాకు నిజాయితీగా అనిపిస్తుంది. వస్తురూపమైన వెలుగు మనసును వస్తువులకు అవతలి వెలుగు దాకా తీసుకెళుతుందని ఆయన వాదన. షార్త్ర్ కిటికీల అడుగున చెప్పులు కుట్టేవాళ్ళు, మాంసం కొట్టేవాళ్ళు, డబ్బు మార్చేవాళ్ళు తమ పనిలో ఉన్నట్టు కనిపిస్తారు. వాళ్ళే చందాలిచ్చి చేయించారా, లేక చర్చివాళ్ళు ఊరంతా తమ వెంటే ఉందని చూపించుకున్నారా అన్నది పండితుల మధ్య ఇంకా తెగని తగువు.

తర్వాత రెండు దెబ్బలు తగిలాయి. ఒకటి బయటినుంచి. బొమ్మలు పూజించడం పాపమన్న ప్రొటెస్టెంట్ ఉద్యమంలో ఇంగ్లండు కిటికీలు ఎన్నో పగిలిపోయాయి. కాంటర్‌బరీలో రిచర్డ్ కల్మర్ అనే పాదిరి నిచ్చెనెక్కి, పొడవాటి ఈటెతో స్వయంగా పొడిచి పగలగొట్టి, గర్వంగా చెప్పుకున్నాడు. యార్క్ బతికిందంటే, 1644లో అంతర్యుద్ధంలో ఊరిని పట్టుకున్న పార్లమెంటు పక్షపు సేనాని థామస్ ఫెయిర్‌ఫాక్స్ చర్చి జోలికి వెళ్ళొద్దన్నాడు గనక.

రెండో దెబ్బ లోపలినుంచి, నా లెక్కలో ఇదే పెద్దది. 16వ శతాబ్దంలో రంగురంగుల ఎనామెల్ పూతలు వచ్చాయి. ఇక తెల్లగాజు మీద నిజంగానే పెయింటింగ్ వేయొచ్చు. రంగుగాజు అక్కర్లేదు, సీసం నడక గురించి ఆలోచించక్కర్లేదు, చతురస్రాలుగా కోసి పక్కపక్కన పెడితే చాలు. తైలవర్ణ చిత్రాలకు దీటుగా ఉండాలన్న ఆశలో కిటికీ, వెలుగుతో చేసే పని మానేసింది. పూత వెనక వెలుగు మసకబారింది, ఎనామెల్ కొన్నాళ్ళకి పెచ్చులు రాలింది. 19వ శతాబ్దంలో పాత పద్ధతిని వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకి మంచి గాజే దొరకలేదు. చార్లెస్ విన్‌స్టన్ అనే లాయరు పాత ముక్కల్ని రసాయన పరీక్ష చేయించి, ఆ పాళ్ళతో మళ్ళీ గాజు పోయించాడు. ఆ ఊపులోంచే విలియం మోరిస్ అనే ఇంగ్లీషు కళాకారుడి కార్ఖానా వచ్చింది. వాళ్ళు చేసిన ఒక పెద్ద కిటికీ మన దేశంలోనే ఉంది: కలకత్తా సెయింట్ పాల్స్ కేథడ్రల్ పడమటి గోడలో, 1880లో, అండమాన్‌లో హత్యకు గురైన వైస్రాయి మేయో జ్ఞాపకంగా, మోరిస్ మిత్రుడు, చిత్రకారుడు బర్న్-జోన్స్ గీసినది.

అమెరికాలో లా ఫార్జ్, టిఫనీ అనే ఇద్దరు కళాకారులు వేరే దారి పట్టారు. పాలలా మసకగా, లోపల రంగులు సుడి తిరిగే గాజు పోయించి, ఆకు ఈనెలు, నీటి అలలు గాజే చూపించేట్టు చేశారు. సన్నటి రాగిరేకుతో ముక్కల అంచులు చుట్టి అతికించడం టిఫనీ దీపాలతో పేరుకెక్కింది. ఇవాళ ఇళ్ళలో అభిరుచిగా నేర్చుకునేది ఎక్కువగా ఆ పద్ధతే. మన దగ్గర పూజగది తలుపులకు "స్టెయిన్డ్ గ్లాస్" అని పెట్టించుకునేది చాలాసార్లు ఇవేవీ కావు, మామూలు అద్దం మీద అంటించిన రంగు ఫిల్ము, పైన సీసంలా కనిపించే పట్టీ.

ఒక అపోహ మిగిలింది. గాజు ఘనపదార్థం కాదు, మెల్లగా జారే ద్రవం, అందుకే పాత కిటికీల అద్దాలు అడుగున మందంగా ఉంటాయని సైన్సు మాస్టార్లు కూడా చెబుతుంటారు. గుండ్రంగా తిప్పి పలకలు చేసే పద్ధతిలో గాజు అన్నిచోట్లా ఒకే మందంలో రాదు, మందపాటి వైపు కిందికి పెట్టడం పనివాడికి వీలు. తలకిందులుగా పెట్టినవీ ఉన్నాయి. బ్రెజిల్ శాస్త్రవేత్త ఎడ్గర్ జనోటో 1998లో లెక్కగట్టి, మామూలు వేడిలో గాజు కంటికి కనబడేలా జారాలంటే విశ్వం వయసు కూడా చాలదని తేల్చాడు. పాత కిటికీలో కుంగేది గాజు కాదు, సీసం.

అందుకే బాగుచేయడమంటే ఇప్పటికీ సీసం విప్పడమే. యార్క్ తూర్పు కిటికీని 2008లో 311 పలకలుగా దించారు, పని ముగిసేసరికి 2018. అన్నిటికంటే కష్టమైన ప్రశ్న మురికి దగ్గర వస్తుంది. గాజు మీద నల్లగా ఉన్నది ఆరువందల ఏళ్ళ మసా, థోర్న్‌టన్ వేసిన నీడా? రుద్దితే రెండూ పోతాయి. పని పూర్తయ్యాక పాత గాజు బయట కొత్త తేట అద్దం వేసి, మధ్యలో గాలి ఆడనిచ్చారు. వానను ఇప్పుడు ఆ కొత్త అద్దం కాస్తుంది.

మెదక్ కిటికీలకు ఇంకా అంత వయసు లేదు. చర్చి ప్రారంభమైంది 1924 క్రిస్మస్ రోజున, కరువులో పనీ తిండీ దొరికిన వేలమంది కూలీల చేతుల మీదుగా. కిటికీల రూపకర్త లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. ఇంగ్లండు రాజకుటుంబాన్ని గీసి పేరు తెచ్చుకోకముందు, అన్న నడిపే గాజు కార్ఖానాలో పని నేర్చుకున్నవాడు. ఈసారి వెళితే చిన్న బైనాక్యులర్ పట్టుకెళ్ళండి. లోపలికి వెళ్ళేముందు బయట ఆ నల్లటి అద్దం దగ్గర రెండు నిమిషాలు ఆగండి. రంగులు అక్కడ కనబడవు గనక సీసం కనబడుతుంది: ఎక్కడ మొదలై, ఏ భుజం చుట్టూ తిరిగి, ఏ ముఖాన్ని తప్పుకుని వెళ్ళిందో.